మడ అడవిలో మందు కంటే ముందు విషం

విజయవాడ నుంచి అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరేసరికి ఎండ ముదిరింది. కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట ఉన్న మడ అడవుల్లోకి ఎప్పుడు వెళ్లాలన్నది పడవవాడి చేతిలో కూడా ఉండదు. పోటు రావాలి. రేవులో టీలు తాగుతూ కూర్చున్నాం.

మాతోపాటు పీతలకు వెళ్లే యానాది భార్యాభర్తలు ఎక్కారు. యానాదులంటే ఎలుకలు పట్టేవాళ్లు, చేలకు కాపలా ఉండేవాళ్లు అనే మనవాళ్లు రాస్తారు. వాళ్ల వైద్యం గురించి ఒక్క వాక్యంతో సరిపెడతారు. నాకు ఆ వాక్యం తర్వాతి సంగతి కావాలి.

పాయ సన్నబడింది. బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన మడచెట్ల ఊపిరివేళ్లు. మందుచెట్లు చూపించమంటే ఆమె మొదట చూపించింది తిల్లచెట్టు.

"దీన్ని ముట్టుకోమాక బాబూ. పాలు కంట్లో పడితే చూపు పోద్ది. ఒంటిమీద పడితే బొబ్బలే."

"మరి మందుకు పనికిరాదా?"

"మానని పుండుకి మా అమ్మమ్మ వేసేది. ఎంత వెయ్యాలో ఆమెకే తెలుసు. ఉప్పెనలో పోయింది. నేను మాత్రం ముట్టను."

ఉప్పెన అంటే ఇక్కడ ఏ ఏడాదో అడగక్కర్లేదు. 1977 నవంబర్ 19. దివిసీమలో వేల ప్రాణాలు పోయాయి. వాటితోపాటు ఇలాంటి మోతాదులు ఎన్ని పోయాయో ఏ లెక్కలోనూ ఉండదు.

ఆల్చి దగ్గర మాత్రం ఆమె ధీమాగా మాట్లాడింది. గట్టున గుబురుగా పెరిగే ముళ్ల ఆకుల పొద, నీలిపూలు. ఆకు నూరి, వెచ్చచేసి కీళ్లనొప్పులకు కడతారు. రోజంతా నడుంలోతు బురదలో దిగి, పీత బొరియల్లో చేతులు పెట్టేవాళ్లకు ముందు అరిగేది మోకాళ్లే కదా! అందుకే కాబోలు ఈ మందు మరుగున పడలేదు.

ఉప్పుపొన్న అనే మరో మడచెట్టు బెరడు వగరు. దాని కషాయం నీళ్ల విరేచనాలకు ఇచ్చేవారట. నైలాన్ రాకముందు నూలు వలలు చివకకుండా ఆ బెరడు రసంలోనే ముంచేవారు. రెండు పనులూ చేసేది బెరడులోని టానిన్ అనే వగరు పదార్థమే. ఇప్పుడిది అభయారణ్యం, చెట్టు మీద కత్తి పడకూడదు. ఆ నిబంధన సబబే. కానీ బెరడు వాడకం మాటల్లోనే మిగిలింది. (ఇది చదివి ఎవరూ ఇంట్లో ప్రయోగాలు చేయొద్దు.)

మధ్యాహ్నం గట్టు మీద పొయ్యి పెట్టారు. ఇలకూర ఉడికించి ఆ నీళ్లు పారబోసి, రొయ్యలతో వండింది. ఉప్పు వేయలేదు, ఆకులోనే ఉంది. అన్నం రెండోసారి పెట్టించుకున్నాను.

"జ్వరమొస్తే ఏం వాడతారు?" అన్నాను.

"నాగాయలంకలో ఆర్‌ఎంపీ ఉన్నాడుగా," అని ఇద్దరూ నవ్వారు. మోకాళ్లకు మాత్రం ఇంజక్షన్ కంటే ఆల్చి కట్టే నయమంటాడు ఆమె భర్త. ఆమె మాత్రం రెండూ కావాలంటుంది.