ముగ్గుపిండితో గీసిన బోటు

దుబాయిలో ఒక బోటు యార్డులో డీజిల్ మెకానిక్కుగా చేరి నాకు పద్దెనిమిదేళ్లు దాటింది. మాది చిత్తూరు. పొలాల్లో నీళ్లు తోడే డీజిల్ ఇంజిన్లు బాగుచేసే షెడ్డు మా నాయనకు ఉండేది. భూగర్భజలం అడుగంటి, బోర్లు వందల అడుగుల లోతుకు పోయి, రైతులంతా కరెంటు మోటార్లకు మళ్లాక ఆ షెడ్డుకు వచ్చే ఇంజిన్లు తగ్గిపోయాయి. ఆయన దగ్గర నేర్చుకున్న పనిని పట్టుకుని నేను గల్ఫ్ విమానం ఎక్కాను. అక్కడ నా చేతికి వచ్చినవి కుటుంబాలు సరదాగా తిరిగే మోటార్ యాట్లు. మేమంతా వాటిని బోట్లనే అంటాము.

మూడేళ్ల కిందట సంక్రాంతి సెలవుకు నేను ఇంటికి వచ్చినప్పుడు, తనూ కుటుంబంతో పండక్కి తిరుపతికి వచ్చిన మా పెద్దమ్మ కొడుకు నన్ను అక్కడి ఇంటికి పిలిచాడు. అన్న షార్జాలో కట్టడపు సామాన్ల వ్యాపారం చేస్తాడు. తనకూ వదినకూ ఇద్దరు పిల్లలు, పెద్దదానికి పదమూడేళ్లు, చిన్నవాడికి ఎనిమిది. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మ ఏటా చలికాలం మూడు నెలలు వాళ్ల దగ్గర ఉంటుంది. కుటుంబమంతా కలిసి సముద్రం మీద రెండు మూడు రోజులు గడపడానికి ఒక బోటు కొనాలని అన్న నిర్ణయించుకున్నాడు. తన ఫోనులో దాచుకున్న ఫొటోలు చూపించాడు. యాభై అడుగుల పొడవు, మూడు పడక గదులు, తెల్ల తోలు సోఫాలు, 30 నాట్ల వేగం, అంటే గంటకు 55 కిలోమీటర్లకు పైగా. "ఎట్లుంది తమ్ముడూ?" అని అడిగాడు.

నేను ఫోను పక్కన పెట్టమన్నాను. ఏడాదిలో ఎన్ని రోజులు ఆ బోటు మీద ఉండగలరో, ఎంత దూరం పోవాలనుకుంటున్నారో, రాత్రిళ్లు ఎంతమంది పడుకుంటారో, కడుపులో తిప్పడం ఎవరికి ఎక్కువో అడిగాను. చివరి ప్రశ్నకు వదిన వెంటనే చిన్నవాడి వైపు చూసింది, పెద్దమ్మ ఏమీ అనకుండా తన వైపే వేలు చూపించుకుంది. మధ్యతరహా బోటు ఎంపిక అక్కడ మొదలవుతుందని నేను నమ్ముతాను. అందరిలోకీ బలహీనులైనవాళ్లు హాయిగా ఉండలేని బోటును ఆ కుటుంబం రెండో ఏడాది వాడదు. అలా వాడకుండా జెట్టీకి కట్టేసిన బోట్లు మా యార్డు చుట్టూ ఎన్నో ఉన్నాయి. నిలబడిపోయిన ఇంజినుకు ఉప్పు పట్టినట్టు తిరిగే ఇంజినుకు పట్టదు.

ఆ సాయంత్రమంతా మేము బోటు అడుగు భాగం గురించే మాట్లాడుకున్నాము, ఎందుకంటే వేగం, ఖర్చు, కుదుపు, మూడూ ఆ ఆకారంలోనే ఉన్నాయి. నీటిని చీల్చుకుంటూ, తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెడుతూ పోయే బోటు ఒక రకం. అది ఎంత పెద్ద ఇంజిను పెట్టినా ఒక హద్దు దాటి పోలేదు. నీటిని తాకే భాగం పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు నాట్లలో వస్తుంది. 36 అడుగులకు ఆరు వర్గమూలం కాబట్టి సుమారు 8 నాట్లు, అంటే గంటకు 15 కిలోమీటర్లు. ఒక నాట్ గంటకు 1.852 కిలోమీటర్లు. రెండో రకం వేగం పుంజుకున్నాక నీటి పైకి లేచి జారుతూ పోతుంది. అన్న ఫొటోల్లోవి అన్నీ ఇవే. సముద్రం అద్దంలా ఉన్న రోజున వీటిమీద ప్రయాణం ఎంతో బాగుంటుంది, కానీ కెరటాలు లేచిన రోజున నీళ్లు వీటి అడుగును సుత్తితో కొట్టినట్టు కొడతాయి. ఈ రెంటికీ నడుమ ఉండే రకం మామూలుగా ఎనిమిది, తొమ్మిది నాట్ల మీద పొదుపుగా పోతుంది, అవసరం పడితే పదహారు, పద్దెనిమిది దాకా లేస్తుంది.

గల్ఫ్ సముద్రానికి సగటు లోతు 50 మీటర్లు కూడా లేదు. వాయవ్యం నుంచి షమాల్ గాలి వీస్తే ఆ లోతు తక్కువ నీటిలో కెరటాలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి దగ్గర దగ్గరగా లేస్తాయి. అటువంటి కెరటాల మీద 30 నాట్ల మాట మరచిపోవలసిందే, పన్నెండు దాటితే పిల్లలు ఏడుస్తారు. అందుకే నేను అన్నను నడుమ రకం వైపు తిప్పాను. గాలి రాబోతున్నదని తెలిసిన రోజున రేవుకు తొందరగా చేరడానికి ఆ పద్దెనిమిది చాలు.

లెక్క కూడా వేసి చూపించాను. డీజిల్ ఇంజిను ఒక హార్స్‌పవర్‌ను గంటసేపు ఇవ్వడానికి ఉరామరిగా 0.19 లీటర్ల నూనె తాగుతుంది. 400 హార్స్‌పవర్ ఇంజిన్లు రెండు డెబ్భై శాతం బలంతో తిరిగితే గంటకు నూరు లీటర్లు దాటుతుంది. అదే బోటును 8 నాట్ల మీద నడపడానికి మొత్తం ఎనభై హార్స్‌పవర్ సరిపోతుంది, అంటే గంటకు పదిహేను లీటర్లు. దుబాయి నుంచి ఒమాన్‌కు చెందిన ముసందం తీరంలోని ఖసబ్ రేవు 80 నాటికల్ మైళ్లకు, అంటే సుమారు 150 కిలోమీటర్లకు పైమాట. కొండల నడుమ సముద్రం చొచ్చుకుపోయిన ఆ చోటికి పోవాలని గల్ఫ్‌లో బోటున్న ప్రతి కుటుంబానికీ ఉంటుంది. 18 నాట్ల మీద పోతే నాలుగున్నర గంటల్లో సుమారు 480 లీటర్లు కాలుతాయి. 8 నాట్ల మీద పది గంటలు పడుతుంది, నూనె మాత్రం 150 లీటర్లే. ఏ వేగం లెక్కన పోయినా ట్యాంకులో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ఆపదకు ఉంచుకోవాలన్నది పాత నావికుల పద్ధతి, దాన్ని నేను ఎవరికీ సడలించను.

ఇంజిన్ల విషయంలో నా మాట సూటిగా ఉంటుంది. ఈ కొలత బోటుకు పెట్రోలు వద్దు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు కనుక బోటు అడుగున చేరి నిలుస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. డీజిల్ ఇంజిన్లు రెండు, వాటి నుంచి తిన్నగా వెనక్కి పోయే షాఫ్టులు, వాటి చివర ప్రొపెల్లర్లు. ఇదే నా ఎంపిక. 2005 నుంచి వోల్వో పెంటా ఐపీఎస్ వంటి పాడ్‌లు, అంటే బోటు అడుగున ప్రొపెల్లర్‌తో సహా అటూఇటూ తిరిగే భాగాలు, వచ్చాయి. చిన్న కడ్డీ ఒకటి అటూఇటూ వంచితే బోటు పక్కకు కూడా జరుగుతుంది, జెట్టీకి కట్టేటప్పుడు కొత్తవాళ్లకు అది పెద్ద ధైర్యం, నూనె కూడా ఆదా అవుతుంది. అయినా వాటిని విప్పాలంటే అందులో శిక్షణ పొందిన మెకానిక్కు, దానికోసమే చేసిన పనిముట్లు కావాలి. షాఫ్టునైతే ఏ రేవులోనైనా బాగుచేసేవాడు దొరుకుతాడు. ముందు భాగంలో బోటును పక్కకు నెట్టే చిన్న థ్రస్టర్ ఒకటి పెట్టించుకుంటే జెట్టీ భయం చాలావరకు తీరుతుంది.

మరునాడు పొద్దున పెద్దమ్మ ముగ్గు వేసి లేవగానే, డబ్బాలో మిగిలిన ముగ్గుపిండిని అడిగి తీసుకుని మిద్దె మీదికి పోయాను. ఎదురుగా తిరుమల కొండ మంచులోంచి అప్పుడే బయటపడుతున్నది. టేపు పట్టుకోమని చిన్నవాడికిచ్చి 46 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు కొలిచి బోటు ఆకారం గీశాను. లోపల హాలు, వంటగది, పడక గదులు, పక్కల నడిచే దారులు గీశాను. మిద్దె మీద అంత పెద్దగా కనిపించిన బోటు, అందరూ లోపల నిలబడేసరికి ఇరుకైపోయింది. మూడో పడక గది గీత దగ్గర అన్న తానే పడుకుని చూశాడు. కాళ్లు గీత దాటి బయటికి వచ్చాయి. ఆ గది తీసేసి, దాని చోటును ఇంజిను గదికీ సామాన్లకూ ఇవ్వడానికి ఆయన ఆ నిమిషంలోనే ఒప్పుకున్నాడు.

పక్కన కొత్త గోడ కోసం తెచ్చిన ఇటుకలు ఉన్నాయి. వాటిని మెట్లుగా పేర్చాను. రెండు ఇటుకల ఎత్తు, అంటే ఆరంగుళాలు, పెద్దమ్మ గోడ పట్టుకుని ఎక్కింది. మూడు ఇటుకలు పెట్టినప్పుడు ఒక చేయి వదిన భుజం మీద వేసింది. నాలుగోది పెట్టగానే ఆగి, కొంగుతో నుదురు తుడుచుకుని, "ఇది నా వల్ల కాదు నాయనా" అన్నది. వెనక నీళ్లలోకి దిగే అరుగు నుంచి డెక్ మీదికి ఆరంగుళాల మెట్లు, ప్రతి మెట్టు దగ్గర చేతికందే కడ్డీ ఉన్న బోటునే చూడాలని అక్కడ తేలిపోయింది. డెక్ చుట్టూ కడ్డీలు పిల్లవాడి నడుముకంటే ఎత్తుగా ఉండాలని, పక్క దారిలో పెద్దవాళ్లు పక్కకు ఒరగకుండా తిన్నగా నడవగలగాలని కూడా ముగ్గు గీతల మధ్యనే చూసుకున్నాము.

"పొయ్యి యాడ?" అని పెద్దమ్మ అడిగింది. కొన్ని బోట్లలో వంటగది నాలుగు మెట్లు కింద ఉంటుంది, కొన్నింటిలో హాలుతో సమంగా పైన ఉంటుంది. కింద ఉంటే హాలు విశాలంగా కనిపిస్తుంది, కానీ దూరాన నీరూ ఆకాశమూ కలిసే గీత కనిపించని చోట తల వంచుకుని తాళింపు వేసేవాళ్లకు పది నిమిషాల్లో కడుపు తిప్పుతుంది. పైన ఉన్నదే మంచిదని నేను గట్టిగా చెప్పాను. పొయ్యి చుట్టూ గిన్నెలు జారకుండా ఆపే కడ్డీలు ఉండాలి. వంటగ్యాసు కూడా పెట్రోలు ఆవిరిలాగే కిందికి దిగి నిలుస్తుంది, కనుక జనరేటర్ మీద నడిచే కరెంటు పొయ్యి మేలు. గల్ఫ్ ఎండలకు రాత్రంతా ఏసీ తప్పదు, దానికోసం జనరేటర్ తిరుగుతూనే ఉంటుంది. అందువల్ల ప్రతి పడక గదిలోనూ కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం ఉండాలి. వాసన లేని ఆ వాయువు నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. ఇంజిను తిరుగుతున్నప్పుడు వెనక అరుగు మీద పిల్లలను కూర్చోనివ్వకూడదనే నియమానికి ప్రొపెల్లర్ ఒక్కటే కారణం కాదు, ఈ పొగ కూడా కారణమే.

ఊగడం తగ్గించే యంత్రాల గురించి వదిన అడిగింది. అడుగున రెక్కల్లాంటివి ఉంటాయి, అవి బోటు కదులుతున్నప్పుడు బాగా పనిచేస్తాయి. గైరో అనేది లోపల వేగంగా తిరిగే బరువైన చక్రం, లంగరు వేసి నిలబడినప్పుడు కూడా పనిచేస్తుంది, కాకపోతే వేగం అందుకోవడానికి అరగంటకు పైగా పడుతుంది, కరెంటూ కావాలి. పెద్దమ్మ కోసం, చిన్నవాడి కోసం గైరో ఉన్న బోటుకు ఎక్కువ పెట్టినా తప్పులేదన్నాను. తోలు సోఫాకు ఆ మాట అనను.

ఐరోపా నిబంధనల ప్రకారం 24 మీటర్లలోపు సరదా బోట్లకు ఏ, బీ, సీ, డీ అనే తరగతులు ఉన్నాయి. సీ తరగతి రెండు మీటర్ల కెరటాల వరకు, బీ తరగతి నాలుగు మీటర్ల వరకు. గల్ఫ్‌లో తీరం దాటి రాత్రి గడిపే కుటుంబానికి బీ కంటే తక్కువది వద్దు.

కొత్తదా, వాడినదా అన్న దగ్గర నేను ఒక విషయం చెప్పక తప్పలేదు. గల్ఫ్‌కు పోయిన నాలుగో ఏడాది, వేరే ఒక యార్డులో ఉన్నప్పుడు, అమ్మకానికి వచ్చిన పాత బోటు ఇంజిన్లకు రంగు వెయ్యమని నాకు చెప్పారు. ఎగ్జాస్ట్ మోచేయి, అంటే పొగ గొట్టం వంపు దగ్గర తుప్పు పొట్టు రాలుతున్నదని చెబితే, చెప్పిన పని చెయ్యమన్నారు. వీసా వాళ్ల చేతిలో ఉంది, ఇంటి దగ్గర చెల్లెలి పెళ్లి అప్పు ఉంది. తెల్లగా, మెరిసేలా రంగు వేశాను. వేడి పొగను చల్లార్చడానికి సముద్రపు నీటిని కలిపేది ఆ మోచేతిలోనే. ఉప్పు, వేడి కలిసి దాన్ని లోపలినుంచి తింటాయి, అది చిల్లి పడితే నీళ్లు వెనక్కి తిరిగి సిలిండర్‌లోకి దిగుతాయి. ఆ బోటు కొన్న కుటుంబం మొదటి ప్రయాణంలోనే సముద్రం మీద నిలిచిపోయింది. వేరే బోటు కట్టి లాక్కొచ్చారు. చంకలో పసిబిడ్డతో జెట్టీ మీదికి దిగిన ఆ తల్లి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ప్రాణాలకు ఏమీ కాలేదు కానీ, ఆ రంగు వేసింది నా చెయ్యే. అప్పటినుంచి మెరిసే ఇంజిను ఏది చూసినా టార్చి పట్టుకుని దాని మోచేతి కింద వెతుకుతాను.

అందుకే వాడిన బోటైతే ఎవరి తరఫునా లేని సర్వేయర్‌ను కొనేవాడే సొంత డబ్బుతో పెట్టుకోవాలి. బోటును నీళ్లలోంచి పైకి తీయించాలి. అతడు చిన్న సుత్తితో అడుగంతా తట్టుతూ పోతాడు, గట్టి చోట ఖంగుమంటుంది, పొరలు విడిపోయిన చోట మూగగా పలుకుతుంది. ఫైబర్‌లోకి తేమ దిగితే బొబ్బలు లేస్తాయి. ఇంజిను ఆయిల్‌ను సీసాలో పట్టి పరీక్షకు పంపాలి. సముద్రం మీద పూర్తి వేగానికి పెట్టినప్పుడు ఇంజిను, నిమిషానికి ఇన్ని అని కంపెనీ చెప్పిన చుట్లను అందుకోవాలి. కొన్నాక ఏటా కొన్న ధరలో పదో వంతు దాకా రేవు అద్దెకు, బీమాకు, అడుగు రంగుకు, మరమ్మతులకు పక్కన పెట్టుకోవాలని మా దగ్గర అందరూ చెప్పే మాట. అన్న ఆ అంకె విని, యాభై అడుగుల నుంచి నలభై ఆరుకు మనస్ఫూర్తిగా దిగాడు.

ఆ ఏడాది అక్టోబరులో అటువంటి బోటు ఒకటి దొరికింది. సర్వే ముందు రోజే అమ్మే మనిషికి చెప్పాను, మేము వచ్చేదాకా ఇంజిన్లు తిప్పకూడదని. ముందుగా వేడి చేసి ఉంచిన ఇంజిను తన జబ్బు చెప్పదు. ఇది నేను చిత్తూరు షెడ్డులో పదేళ్ల వయసులో నేర్చుకున్నది. నాయన ఇంజిను మీద అరచెయ్యి పెట్టి, చల్లగా ఉంటేనే హ్యాండిల్ అందుకునేవాడు. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు లేదా బరువు ఎక్కువైంది, నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతున్నది, తెల్లపొగ ఆగకుండా వస్తే నూనె సరిగా మండడం లేదు లేదా లోపలికి నీళ్లు దిగుతున్నాయి.

పొద్దున ఆరు గంటలకు ఇంజిను గదిలోకి దిగి రెండు ఇంజిన్ల మీదా చెయ్యి పెట్టాను. రెండూ చల్లగా ఉన్నాయి. మోచేతులు రెండూ చుట్టూ తడిమాను, వేళ్లకు పొడి కూడా అంటలేదు. పైకి వచ్చి, ఫోను బోటు వెనక వైపుకు తిప్పి చిత్తూరులో నాయనకు వీడియో కాల్ కలిపి, అన్నను తాళం తిప్పమన్నాను. తెల్లటి పొగ ఒక్క క్షణం లేచి, నీటి మీద పరుచుకుని పోయింది. ఆ తరవాత బయటికి నీళ్లు చిమ్మే చప్పుడు తప్ప ఏమీ లేదు.

నాయన కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఆ రెండోదాని పొగ సరిగా కనపళ్లేదు. ఆపి, చల్లారినాక ఇంకోసారి చూపించు" అన్నాడు. చల్లారేదాకా మేము జెట్టీ మీద కూర్చున్నాము.