వాడికి కుక్కర్ అప్పగించాను

మావాడు వచ్చే వారం నుంచి వేరే ఊళ్ళో గది తీసుకుని ఉంటాడు. వంట తనే చేసుకోవాలి. అందుకే ఈ రోజు మధ్యాహ్నం అన్నం వాడి చేతే వండించాను. కరెంటు కుక్కర్‌లో వండడానికి పెద్ద విద్య అక్కర్లేదు, కడిగిన బియ్యంలో ఎసరు పోసి మీట నొక్కితే చాలు. అయినా అది లోపల ఏం చేస్తోందో తెలిసి వాడితే, జాగ్రత్తలను విడిగా బట్టీ పట్టే పని ఉండదని నా నమ్మకం.

"అన్నం ఉడికిందని దానికెలా తెలుస్తుందమ్మా?" అని వాడే అడిగాడు. నాకు చాలా సంతోషమేసింది. ప్లగ్గు తీయించి, గిన్నె పైకెత్తి, హీటర్ ప్లేటు మధ్యలో ఉన్న గుండ్రటి బిళ్ళ చూపించాను. వేలితో నొక్కితే స్ప్రింగు మీద కిందికి దిగి మళ్ళీ పైకొస్తుంది. గిన్నెలో నీళ్ళు ఉన్నంతసేపూ అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది, ఎందుకంటే అందుతున్న వేడంతా నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. బియ్యం నీళ్ళు పీల్చుకుని అడుగున తడి ఆరగానే వేడి 100 దాటుతుంది. మాలాంటి మామూలు రకం కుక్కర్లలో ఆ బిళ్ళ లోపల ఒక అయస్కాంతం ఉంటుంది. సుమారు 103 డిగ్రీల దగ్గర దాని పట్టు సడలుతుంది, స్ప్రింగు మీటను టక్కున పైకి తోస్తుంది, కుక్కర్ వార్మ్‌లోకి, అంటే అన్నాన్ని వెచ్చగా మాత్రమే ఉంచే స్థితిలోకి వెళ్తుంది. అంటే దానికి అన్నం సంగతి తెలియదు, టైమూ తెలియదు. గిన్నె అడుగు ఎంత కాలిందో అదొక్కటే తెలుసు.

జపాన్‌లో తోషిబా 1955లో అమ్మకానికి తెచ్చిన ఆటోమేటిక్ కుక్కర్‌లో అయస్కాంతం కాదు, రెండు గిన్నెల పద్ధతి. బయటి గిన్నెలో కొలిచి పోసిన నీళ్ళు ఆవిరైపోగానే వేడి పెరిగి కరెంటు ఆగిపోయేది. అదీ ఈ సూత్రమే. ఎంత చక్కటి ఆలోచన!

ఇక మిగతావన్నీ దీని వెంటే వచ్చాయి. గిన్నె అడుగు బయటివైపు పొడి గుడ్డతో తుడిచి పెట్టాలి. ప్లేటుకూ గిన్నెకూ మధ్య ఒక్క మెతుకు ఇరుక్కున్నా గిన్నె సరిగ్గా కూర్చోదు, బిళ్ళకు అసలు వేడి తెలియదు, అన్నం ఒక పక్క మాడి ఇంకో పక్క పలుకుగా మిగులుతుంది. గిన్నె కింద పడి అడుగు సొట్టపోయినా ఇదే గతి. అందుకే లోపల పెట్టాక అటూ ఇటూ కాస్త తిప్పి కూర్చోబెట్టమన్నాను. బియ్యం వేరే గిన్నెలో కడగమన్నాను, నాన్‌స్టిక్ పూత గీరుకుపోకుండా. గరిటె కూడా చెక్కదో ప్లాస్టిక్‌దో ఉండాలి.

మీట లేచాక ఇంకాస్త ఉడకాలని మళ్ళీ నొక్కి, లేవకుండా ఏదో అడ్డం పెట్టేవాళ్ళున్నారు. ఈ ఒక్క పని మాత్రం ఎప్పుడూ చేయకు నాన్నా అని గట్టిగానే చెప్పాను. ఆ కుక్కర్‌లో మనల్ని కాపాడే భాగమే అది. అన్నం పలుకుగా ఉందనిపిస్తే మూత తీయకుండా పది నిమిషాలు వదిలేయాలి. లోపలి ఆవిరికే సర్దుకుంటుంది. తర్వాతిసారి ఎసరు కొంచెం పెంచుకోవచ్చు.

మా కుక్కర్ 700 వాట్లు. 230 వోల్టుల దగ్గర మూడు ఆంపియర్ల చిల్లర తీసుకుంటుంది. ఒక్కటే అయితే పెద్ద లోడు కాదు. అదే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు కెటిలూ ఇస్త్రీపెట్టే కూడా తగిలిస్తే వైరు వేడెక్కి కరిగిపోవచ్చు. అద్దె గదుల్లో సాకెట్లు తక్కువ కాబట్టి నా టెన్షన్ అంతా ఇక్కడే. గోడ సాకెట్టుకే పెట్టాలి, మూడు పిన్నుల ప్లగ్గే వాడాలి, ఆ సాకెట్టుకు ఎర్త్ ఉందో లేదో ఇంటివాళ్ళను అడగాలి. కడిగేటప్పుడు గిన్నె, మూత మాత్రమే. కుక్కర్‌ను నీళ్ళలో ముంచకూడదు. మూతను అవతలి అంచు నుంచి ఎత్తితే ఆవిరి మొహానికి కొట్టదు. ఒకవేళ చెయ్యి కాలితే కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టాలి. ఐసు వద్దు.

కరెంటు ఆదాకి కిటుకులేం లేవు. అరగంట నడిస్తే 0.35 యూనిట్. బియ్యం అరగంట నానబెడితే త్వరగా ఉడుకుతుంది. మధ్యలో మూత తీస్తే ఆవిరి పోయి ఆలస్యమవుతుంది. పైన చిల్లుల పళ్ళెం పెట్టుకుంటే కూరగాయలూ ఆ ఆవిరికే ఉడుకుతాయి. తినడం అయ్యాక వార్మ్‌లో వదిలేయకుండా ప్లగ్గు తీసేస్తే సరి.

అయితే ప్లగ్గు తీసేశాక అన్నం గంటల తరబడి అందులోనే ఉండకూడదు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉంటే మొలిచి విషం తయారుచేస్తాయి, మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. 60 డిగ్రీలు దాటిన వేడిలోనో ఫ్రిజ్‌లోనో ఉంటే భయం లేదు. మిగిలింది వెడల్పాటి గిన్నెలో పరిచి, గంటా రెండు గంటల్లో ఫ్రిజ్‌లో పెట్టేయమన్నాను. ఒంటరిగా ఉండేవాడు, కడుపు పాడైతే చూసేవాళ్ళుండరు.

అన్నం బాగా కుదిరింది. తిన్నాక వాడే ప్లగ్గు తీస్తూ, "అమ్మా, ఈ పిన్నులు వేడిగా ఉన్నాయి" అన్నాడు. పట్టుకు చూశాను, నిజమే. సాకెట్టు లోపల పట్టు వదులైనట్టుంది. రేపు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మార్పించాలి, అప్పటిదాకా దాన్ని వాడకుండా స్విచ్చి మీద టేపు అంటించాను.