మా లాబ్రడార్ తుంటి సంగతి

మా కుక్క బ్రూనో సోఫా ఎక్కడం మానేస్తే ఇంట్లో అందరూ "బుద్ధొచ్చింది" అనుకున్నారు. నాకు మాత్రం వాడి పరుగు మీద అనుమానం. వెనక కాళ్లు రెండూ ఒకేసారి ఎత్తి కుందేలులా గెంతుతున్నాడు. లేచేటప్పుడు బరువంతా ముందు కాళ్ల మీద మోపి నడుము ఈడ్చుకుంటున్నాడు.

మత్తిచ్చి ఎక్స్‌రే తీశారు. హిప్ డిస్‌ప్లేసియా అట. తొడ ఎముక పైనుండే గుండ్రటి తల తుంటి గుంటలో బిగుతుగా కూర్చోవాలి. మావాడికి గుంట లోతు తక్కువ, కీలు వదులు. అడుగేసినప్పుడల్లా అటూఇటూ కదిలి, కీలులో ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నటి పొర, అంటే మృదులాస్థి, అరుగుతుంది, ఆపైన ఆర్థరైటిస్. చాలావరకు వంశపారంపర్యమే. లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు, గోల్డెన్ రిట్రీవర్లలో ఎక్కువ. కూనను కొనేముందు దాని తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడగండి. మన దగ్గర అడిగితే వింతగా చూస్తారనుకోండి, అయినా అడగండి.

డాక్టరుగారి మొదటి మాట మందు కాదు, బరువు తగ్గించమని. దాంతో అమ్మమ్మతో రోజూ పేచీ. "నోరులేని జీవం, కడుపు మాడుస్తావురా?" అంటూ నా కళ్లుగప్పి పెరుగన్నం పెట్టేది. చివరికి కీరా ముక్కల దగ్గర రాజీ కుదిరింది. టైల్స్ మీద కాలు జారకుండా హాల్ నిండా రబ్బరు మ్యాట్లు పరిచాం. మెట్లు బంద్, మెల్లగా నడక మాత్రం రోజూ.

ఇంకొకటి. నొప్పితో మూలుగుతోందని మనం వేసుకునే ఐబుప్రోఫెన్ కుక్కకి వేయకండి. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పాడవుతాయి. పెద్ద జాతి కూనలకి సరైన పప్పీ ఫుడ్ పెడుతూ పైన కాల్షియం సిరప్ పోయడం కూడా ఎముకలకి చేటే. తుంటి మార్పిడి సర్జరీ ఉందిగానీ, బ్రూనోకి ఇప్పుడే అక్కర్లేదన్నారు.