వీల్‌చైర్‌కూ మంచానికీ మధ్య

పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయిన మా మామయ్యగారిని మంచం మీది నుంచి వీల్‌చైర్‌లోకి, వీల్‌చైర్‌లోంచి మళ్లీ మంచం మీదికి మార్చే పని మా ఇంట్లో చాలావరకు నాదే. గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటికి పలకరించడానికి వచ్చిన పెద్దవాళ్లు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "అంత మనిషిని నువ్వెలా లేపుతున్నావమ్మా?" ఆయన 70 కిలోలకు తగ్గరు, నేను అందులో ముప్పాతికకైనా రాను. నేను లేపడం లేదనీ, ఆయన లేస్తుంటే పడిపోకుండా చూస్తున్నాననీ చెబితే అదేదో వినయంగా అన్న మాట అనుకుంటారు. కాదు, జరిగేది నిజంగా అంతే. మిగిలిన కుడి కాలి బలాన్ని ఆయన చేత వాడించడమే ఈ పనిలో అసలు సంగతి. అందుకు కావలసినది నా నడుం బలం కాదు, ఆయన మీద చెయ్యి వేయకముందే మంచాన్నీ కుర్చీనీ కాళ్లనీ సరిగ్గా అమర్చుకోవడం.

నడుం బలాన్ని నమ్ముకోకూడదనడానికి లెక్క కూడా ఉంది. అమెరికాలో పనిచేసేవారి భద్రతను పరిశీలించే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ, రోగులను చేతులతో కదిలించేటప్పుడు ఒక మనిషి మోయదగిన బరువు 35 పౌండ్లకు, అంటే సుమారు 16 కిలోలకు మించరాదని లెక్కగట్టింది. అది కూడా రోగి స్థిమితంగా ఉండి సహకరించే పరిస్థితిలో చెప్పిన మాట. మనిషి శరీరానికి పెట్టెకున్నట్టు పట్టుకునే చోటు ఉండదు, బరువు ఒక్క చోట నిలవదు, మధ్యలో భయపడి వెనక్కి లాగుతుంది. ఈ సంగతి తెలిస్తే పెద్దాయన మొత్తం బరువు ఎత్తడానికి ఒక మనిషి కాదు, ఇద్దరు పూనుకున్నా వాళ్ల నడుములు పాడవుతాయని వేరే చెప్పనక్కర లేదు.

కాబట్టి ముందు మంచం. మామూలు మడత వీల్‌చైర్ సీటు నేల నుంచి సుమారు 19, 20 అంగుళాల ఎత్తులో ఉంటుంది. మంచం కూడా, పరుపుతో కలిపి, మనిషి కూర్చున్నప్పుడు నలిగిన తర్వాత అంతే ఎత్తులో ఉండాలి. మా ఇంట్లో ఉన్నది మామయ్యగారి తండ్రిగారి నాటి టేకు మంచం. దాని మీద కొబ్బరిపీచు పరుపు, ఆ పైన దూది పరుపు. అంచున కూర్చోబెడితే ఆయన పాదాలు నేలకు ఆనేవి కావు. పాదం పూర్తిగా నేలకు ఆనని మనిషిని లేచి నిలబడమనడం అన్యాయం. దూది పరుపు తీసేసి, వడ్రంగిని పిలిపించి మంచం కోళ్లు కోయించాం. పాత మంచాన్ని కోయించడమేమిటని మా అత్తగారు రెండు పూటలు మాట్లాడలేదు. పుండ్లు పడకుండా వాడే గాలి పరుపు ఉన్న ఇళ్లలో ఇంకొక చిక్కు ఉంటుంది: దాని అంచు మెత్తగా లోపలికి కుంగి, కూర్చున్న మనిషిని ముందుకు జార్చేస్తుంది. అంచున గట్టిదనం ఉందో లేదో ముందు మనం కూర్చుని చూసుకోవాలి.

తర్వాత, మంచం ఏ గోడకు ఆనించాలన్నది. మామయ్యగారికి కుడి పక్క బలంగా ఉంది కనుక ఆయన కుడి వైపు నుంచి దిగాలి, ఎడమ వైపు గోడ ఉండాలి. అలా వేస్తే తల ఉత్తరానికి వచ్చింది. తల ఉత్తరానికి పెట్టి పడుకోబెట్టడానికి మన ఇళ్లలో ఎవరూ ఒప్పుకోరు, నేనూ ఆ వాదన పెట్టుకోలేదు. మంచాన్ని ఎదుటి గోడకు మార్చి, తలగడ దక్షిణానికి వేసి, అడ్డొచ్చిన బీరువాను హాల్లోకి పంపించాం. దిక్కూ కుదిరింది, కుడి వైపూ కుదిరింది.

కుర్చీ నిలిపే తీరు మాత్రం చాలామందికి ఒకసారి చెబితే పట్టుబడదు. బలమైన పక్క ముందు పోవాలన్నది సూత్రం. ఆయన మంచం అంచున కూర్చున్నప్పుడు కుర్చీ ఆయన కుడి చేతి వైపు, మంచానికి 30 నుంచి 45 డిగ్రీల కోణంలో, దాదాపు తగిలేటంత దగ్గరగా ఉండాలి. అంటే మా గదిలో కుర్చీ తలగడ వైపు ఉండి కాళ్ల వైపు చూస్తుంది. అదే కుర్చీని సాయంత్రం అదే చోటికి తెచ్చి ఆపితే ఇప్పుడు మంచం ఆయన ఎడమ చేతి వైపు ఉంటుంది, చచ్చుబడిన కాలు ముందు నడవాల్సి వస్తుంది. కనుక తిరిగి వచ్చేటప్పుడు కుర్చీని తలగడ వైపు చూసేలా తిప్పి, మంచం ఆయన కుడి పక్కకు వచ్చేలా పెట్టాలి. పోయేటప్పుడు ఒక ముఖం, వచ్చేటప్పుడు ఇంకొక ముఖం. గది ఇరుకైతే కుర్చీని తిప్పే చోటు కోసమే సామాను తగ్గించుకోవాలి. కొత్తగా వచ్చే అటెండర్లు తప్పేది ఇక్కడేనని గమనించి, మంచం పక్కన నేల మీద రెండు రంగుల టేపుతో కుర్చీ చక్రాల గుర్తులు వేశాను.

కుర్చీ బ్రేకు గురించి ఒక మాట. ఈ కుర్చీల బ్రేకు చక్రం ఇరుసును పట్టుకోదు, టైరును నొక్కిపెడుతుంది. గాలి టైర్లున్న కుర్చీలో గాలి తగ్గితే బ్రేకు కడ్డీ వేసినట్టే ఉంటుంది, చక్రం మాత్రం జారుతుంది. మా కుర్చీకి సైకిల్ పంపే సరిపోతుంది. బొటనవేలితో టైరు నొక్కి చూడడం నాకు పొయ్యి ఆర్పానా లేదా చూసుకున్నంత అలవాటైపోయింది. రెండు బ్రేకులూ వేసిన తర్వాత కుర్చీని చేత్తో తోసి చూడాలి. ముందున్న చిన్న చక్రాలు వెనక్కి తిరిగి ఉంటే కుర్చీ ముందుకు వాలే అవకాశం ఎక్కువ; కుర్చీని ఒక్క జానెడు వెనక్కి లాగితే ఆ చక్రాలు ముందుకు తిరిగి నిలకడ వస్తుంది. కాళ్లు పెట్టుకునే పలకలను పక్కకు తిప్పేయాలి లేదా తీసేయాలి. వాటి మీద కాలు వేసి నిలబడితే కుర్చీ మొత్తం ముందుకు బోర్లా పడుతుంది. కొత్తగా కొనేవారికి నేను చెప్పేది ఒక్కటే: చేతులూ కాలి పలకలూ ఊడదీయగలిగిన కుర్చీ కొనండి. అతి చవక రకాల్లో అవి కదలవు, తర్వాత బాధపడాల్సి వస్తుంది.

నేల, బట్టలు, గొట్టాల సంగతి త్వరగా చెప్పేస్తాను. పనమ్మాయి తడిబట్ట పెట్టిన తర్వాత గచ్చు పూర్తిగా ఆరేదాకా మార్చకూడదు. పౌడరు రాలిన చోటు తడి కంటే ప్రమాదం. ఎండాకాలంలో గుంటూరులో చెమటకు చేతులు జారతాయి, పక్కనే పొడి తువ్వాలు ఉండాలి. ఆయన కాళ్లకు సాక్సు ఒక్కటే తొడిగితే జారుతుంది, హవాయి చెప్పులైతే మడతపడతాయి. వెనక పట్టీ ఉన్న రబ్బరు అడుగు చెప్పులు గానీ ఉత్త కాళ్లు గానీ మంచివి. లుంగీ కాలికి చుట్టుకుంటుంది, పైజామా మేలు. చేసేవాళ్లు గాజులూ ఉంగరాలూ తీసేయాలి, ఎందుకంటే పెద్ద వయసు చర్మం చిన్న గీతకే లేచిపోతుంది. చీర కట్టుకుంటే కొంగు దోపి, కుచ్చెళ్లు కాస్త పైకి ఎగదోపాలి. మూత్రం సంచి ఉంటే మనిషి కంటే ముందు దానిని అవతలి వైపుకు మార్చి తగిలించాలి, అది ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందనే ఉండాలి.

పడుకున్న మనిషిని చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టకూడదు. మోకాళ్లు మడిచి, కుడి పక్కకు దొర్లించి, రెండు కాళ్లనూ మంచం అంచు దాటించి కిందికి వేలాడేలా చేస్తే ఆ కాళ్ల బరువే పై శరీరాన్ని లేవడానికి సాయం చేస్తుంది. ఆయన కుడి మోచేతిని పరుపుకు నొక్కి లేస్తారు. నా చెయ్యి ఆయన భుజం వెనక రెక్క ఎముక దగ్గర ఉంటుంది. కూర్చున్నాక ఆగాలి. చాలాసేపు పడుకుని లేచినవారికి, అందులోనూ బీపీ మాత్రలు వేసుకునేవారికి, రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టర్లు దానిని లెక్కలోకి తీసుకుంటారు. "కళ్లు తిరుగుతున్నాయా మామయ్యగారూ?" అని అడిగితే ఆయన ఎప్పుడూ లేదనే అంటారు. అందుకని ఆ రోజు పేపర్లోని ఒక శీర్షిక చదవమంటాను. గొంతు తడబడితే, ముఖం పాలిపోతే, చెమట పడితే ఆ పూటకు మళ్లీ పడుకోబెట్టడమే.

ఇక నిలబడడం. ముందు ఆయన పిరుదులు ఒకటొకటిగా ముందుకు జరిపి అంచుకు రావాలి. పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్ల కంటే కాస్త వెనక్కి ఉండాలి. పాదాలు ముందుకు చాచి కూర్చున్నప్పుడు ఎంత బలమున్న మనిషైనా లేవలేడు, కావాలంటే ఎవరైనా ప్రయత్నించి చూడవచ్చు. నడుముకు బట్టల పైన రెండంగుళాల వెడల్పున్న గెయిట్ బెల్టు కడతాను, లోపల రెండు వేళ్లు దూరేటంత బిగువుగా. నేను పట్టుకునేది ఆ బెల్టునే. కడుపుకు ఆపరేషన్ అయినవారికీ, కడుపులోకి ఆహార గొట్టం వేసినవారికీ డాక్టర్ని అడగకుండా బెల్టు కట్టకూడదు. నేను ఎదురుగా నిలబడి, మోకాళ్లు వంచి, వెన్ను నిటారుగా ఉంచి, ఆయన ఎడమ మోకాలికి నా మోకాలు అడ్డం పెడతాను. బరువు పడగానే ముడుచుకుపోయేది ఆ మోకాలే. మేమంతా ముందే ఒప్పందం చేసుకున్నాం, "ఒకటి, రెండు, మూడు" అన్నాక లేవాలా, "మూడు" అంటుండగానే లేవాలా అన్నది. నవ్వులాటగా కనిపిస్తుంది కానీ, ఇద్దరు కలిసి మార్చేటప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనక లేపడానికి కారణం చాలాసార్లు ఇదే.

లేచేటప్పుడు ఆయన నేరుగా పైకి కాదు, ముందుకు వంగాలి. ముక్కు కాలివేళ్ల పైకి వచ్చేదాకా వంగితే పిరుదులు వాటంతటవే తేలికపడి లేస్తాయి. భయం ఉన్న మనిషి సరిగ్గా దీనికి వ్యతిరేకంగా వెనక్కి వాలతాడు, అప్పుడు మొత్తం బరువు చేసేవాళ్ల మీద పడుతుంది. మా ఫిజియోథెరపిస్టు మొదటి వారమంతా ఆయన చేత ఈ వంగడమే సాధన చేయించాడు, "నా చొక్కా గుండీ చూడండి తాతగారూ, ఇంకా కిందిది, ఇంకా కిందిది" అంటూ. కుడి చేత్తో పరుపును నొక్కి లేచి, నిలబడ్డాక ఒక్క ఊపిరి ఆగి, చిన్న చిన్న అడుగులతో తిరుగుతారు. నేనూ పాదాలు కదుపుతూ ఆయనతోపాటు తిరుగుతాను తప్ప నడుం మెలితిప్పను. కాలి వెనక భాగానికి కుర్చీ తగిలిందని ఆయన నోటితో చెప్పాకే కూర్చోవడం మొదలు. అవతలి వైపు కుర్చీ చేతిని కుడి చేత్తో అందుకుని, మళ్లీ ముందుకు వంగి, నెమ్మదిగా దిగుతారు. ధబ్బుమని కూలబడితే వెన్నుకు దెబ్బ. లాగి ఈడిస్తే తుంటి చర్మం రాసుకుపోయి పుండుకు దారి.

చంకల కింద చేతులు వేసి లేపడం మన దగ్గర ఎంత సహజమో, అంత చెడ్డది. చచ్చుబడిన చేతికి భుజం కీలును పట్టి ఉంచే కండరాలు వదులైపోతాయి. చంకలో ఎత్తితే, చెయ్యి పట్టి లాగితే ఆ కీలు జారి నెలల తరబడి నొప్పి పెడుతుంది. చూడవచ్చిన బంధువులు ప్రేమకొద్దీ రెండు వైపులా చేరి, మిర్చి యార్డులో ముఠా కూలీలు టిక్కీ (మిర్చి బస్తా) లేపినట్టు మామయ్యగారిని లేపబోతారు. వయసులో పెద్దవాళ్లని ఆపడం కోడలికి కష్టమే. అయినా "మీరు కుర్చీ పట్టుకోండి బాబాయిగారూ" అని వారికో పని చెప్పి చేతులు తీయిస్తాను. ఆయన నా మెడ చుట్టూ చెయ్యి వేయడం కూడా మాకు నిషేధం. ఆయన తూలితే నా మెడ మీద వేలాడతారు, ఇద్దరం పోతాం.

కూర్చున్నాక ఎడమ చెయ్యి ఎక్కడుందో చూడాలి. మెదడు కుడి భాగం దెబ్బతిన్నవారిలో కొందరికి తమ ఎడమ పక్క అనేదే ధ్యాసలో ఉండదు. ఆ చెయ్యి కుర్చీ పక్కకు జారి, వేళ్లు చక్రం పుల్లల మధ్యకు పోయినా మామయ్యగారు కిటికీలోంచి తాపీగా వీధి చూస్తుంటారు. అందువల్ల ఒళ్లో చిన్న దిండు, దాని మీద ఆ చెయ్యి; ఎడమ పాదం పలక మీద ఉందో లేదో చూసి, ఆ తర్వాతే బ్రేకు తీస్తాం.

ఇదంతా ఒక కాలైనా బరువు మోసేవారికి. ఏ కాలూ ఆనలేనివారిని నిలబెట్టే ప్రయత్నమే చేయకూడదు. కూర్చోగలిగి చేతుల బలం ఉంటే కుర్చీ చెయ్యి ఊడదీసి, నున్నటి స్లైడింగ్ బోర్డును సీటుకూ మంచానికీ వంతెనగా వేసి, దాని మీద బట్టలతోనే జరగవచ్చు. ఉత్త చర్మం బోర్డుకు రాసుకోకూడదు. అదీ కుదరనివారికి జోలెలాంటి గుడ్డలో కూర్చోబెట్టి హైడ్రాలిక్ పంపుతో లేపే పేషెంట్ లిఫ్టు తప్ప మార్గం లేదు. వీటన్నిటికీ అయ్యే ఖర్చు గురించి కూడా ఒక మాట: పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది, దానికి వైద్యుల ధ్రువీకరణ కావాలి. అర్హత ఉండీ అడగడానికి మొహమాటపడేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

ఎంత జాగ్రత్తపడినా మధ్యలో కాలు జారే రోజు రావచ్చు. అప్పుడు పడుతున్న మనిషిని ఆపడానికి పెనుగులాడకూడదు. బెల్టు పట్టుకుని దగ్గరకు లాక్కుని, ఒక కాలు ముందుకు వేసి, ఆ తొడ మీదుగా ఆయనను నేలకు జారనివ్వాలి, కాపాడవలసినది తలను. కింద కూర్చున్నాక వెంటనే లేపవద్దు. తుంటి దగ్గర నొప్పి ఉన్నా, ఒక కాలు పొట్టిగా కనిపించి పాదం బయటికి తిరిగిపోయినా అది ఎముక విరిగిన సూచన కావచ్చు. కదపకుండా దుప్పటి కప్పి 108కి ఫోన్ చేయాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవారి తలకు దెబ్బ తగిలితే, మనిషి మామూలుగా మాట్లాడుతున్నా, కాఫీ అడిగి తాగినా, ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లి చూపించాలి, ఆయన వాడే మాత్రల చీటీ వెంట పట్టుకుని.