చీటీలో చివరి మందు

గురువారం. రేపు వరలక్ష్మీ వ్రతం. మా వీధిలో పొద్దున్నుంచే చామంతుల బుట్టలు, మామిడాకుల కట్టలు, తమలపాకులు. నా దుకాణంలో మాత్రం డోలోలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, దోమల క్రీము. వానలు పట్టుకున్నప్పటి నుంచి మా హైదరాబాదు బోరబండలో జ్వరం లేని ఇల్లు వెతుక్కోవాలి. కొన్ని డెంగీ, కొన్ని చికున్‌గున్యా, మిగిలినవి పేరు పెట్టే ఓపిక డాక్టర్లకు కూడా లేని వైరల్ జ్వరాలు.

మందుల దుకాణం నడిపేవాళ్ళకు అడగకపోయినా ఇళ్ళ లోపలి సంగతులు తెలుస్తూ ఉంటాయి. డబ్బు చాలనప్పుడు చీటీలోంచి ఏ మందు ఎగిరిపోతుందన్నది అందులో ఒకటి. పిల్లల సిరప్ ఎగరదు. ఆయన బీపీ మాత్ర ఎగరదు. "ఐరన్ మాత్రలు ఇంట్లో ఉన్నట్టున్నాయిలెండి" అన్నారంటే ఆ మాత్రలు కచ్చితంగా ఆ మాట అన్నావిడవే. ఈరోజు తొమ్మిది గంటలకే ఒకావిడ మూడు చీటీలతో వచ్చింది. కొడుకుకు, భర్తకు, తనకు, ముగ్గురికీ జ్వరం. బిల్లు ఎంతవుతుందో అడిగి, తన చీటీ మడిచి పర్సులో పెట్టేసుకుంది. "ఆయన మాత్రల్లోనే రెండు వేసుకుంటానులెండి" అంది. ఆయనకు మూడు పూటలా రాశారు, మిగలవమ్మా అన్నాను. నవ్వేసి ఊరుకుంది. ఇంకో స్ట్రిప్ సంచిలో వేసి ఖాతాలో రాసుకున్నాను. నేనేమీ దాతను కాను, ఒకటో తారీఖున గుర్తుచేస్తాను.

తరువాత వచ్చినామెను చూసి కాస్త భయపడ్డాను. ముప్పై ఏళ్ళుంటాయి, ముఖం కందిపోయి ఉంది. నొప్పి మాత్ర, మెఫ్తాల్ స్పాస్ ఇమ్మంది. వ్రతాలు, పెళ్ళిళ్ళు వస్తున్నాయంటే నా దగ్గర నెలసరి వాయిదా వేసే మాత్రలు బాగా అమ్ముడవుతాయి. ఈమె కూడా నాలుగు రోజుల కిందట అవే తీసుకెళ్ళింది. జ్వరం ఎప్పటి నుంచి అంటే నిన్న రాత్రి నుంచి అంది. కళ్ళ వెనక నొప్పి, నడుము విరిగిపోతున్నట్టు ఉంది. "రేపు పూజ అయ్యాక ఎలాగూ పడుకుంటాను, ఈలోపు ఆ మాత్ర ఒకటి ఇవ్వండి మేడం."

ఇవ్వలేదు. డెంగీ అవునో కాదో తేలే వరకు పారాసిటమాల్ తప్ప మరే నొప్పి మాత్రా వేసుకోకూడదు. బ్రూఫెన్, డైక్లో, ఆస్పిరిన్, మెఫ్తాల్, ఏదైనా అంతే. రక్తస్రావం ముప్పును పెంచుతాయవి. పైగా నెలసరి ఆపే మాత్రలు మానేసిన రెండు మూడు రోజులకు ఆగినది మొదలవుతుంది. అదే సమయానికి ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటే? డెంగీలో నెలసరి రక్తస్రావం విపరీతం కావడం డాక్టర్లకు తెలిసిన విషయమే. నేను చూసిన కరపత్రాల్లో మాత్రం చిగుళ్ళ నుంచి రక్తం, ముక్కు నుంచి రక్తం అని ఉంటుంది కానీ ఈ మాట ఉండదు. అచ్చువేసేవాళ్ళకు సిగ్గు కాబోలు. డెంగీని తేల్చే ఎన్‌ఎస్1 రక్తపరీక్ష చేయించుకోమని, వాయిదా మాత్రలు వేసుకుంటున్నట్టు డాక్టరుకు తప్పక చెప్పమని, వాటిని తనంతట తాను ఆపడం గానీ కొనసాగించడం గానీ వద్దని చెప్పి పంపాను. సణుక్కుంటూ వెళ్ళింది.

డెంగీ దోమ పగటి పూట కుడుతుంది. పగలు ఇంట్లో ఉండేదెవరు? నల్లా వచ్చినప్పుడు డ్రమ్ములు నింపేదెవరు? ఆ నీళ్ళలో దోమలు పెరగకుండా, డ్రై డే అని చెప్పి వారానికోసారి ఆ డ్రమ్ములు తోమాల్సిందెవరు? మా ఇంట్లో అయితే నేనే. 2019లో కేంద్ర గణాంక శాఖ సర్వే చేస్తే, ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. అదీ ఆ పని చేసే మగవాళ్ళను మాత్రమే లెక్కేస్తే. ఆ తరువాతి ఏడాదే కోవిడ్ వచ్చింది. బళ్ళు మూసేశారు, అందరినీ ఇంట్లో ఉండమన్నారు. ఆ 299 నిమిషాలు ఎంతకు పెరిగి ఉంటాయో అప్పట్లో చేతులు పాసిపోయి క్రీము అడిగినవాళ్ళను చూస్తే తెలిసేది.

లాక్‌డౌన్‌లోనూ నా దుకాణం తెరిచే ఉండేది. ఇంటికొకరే బయటికి రావాలన్నారు. ఆ ఒకరు మగవాడే. చేతిలో జాబితా. పాలు, మాత్రలు, సబ్బు ఉండేవి, శానిటరీ ప్యాడ్లు ఉండేవి కావు. భర్త చేతికో మామగారి చేతికో ఇచ్చే కాగితం మీద ఆ మాట రాయలేకపోయేవారు. సరుకు రావడం కూడా కష్టమైంది. లాక్‌డౌన్ మార్చి 25న మొదలైతే, ప్యాడ్లు కూడా నిత్యావసరాల కిందికే వస్తాయని కేంద్ర హోంశాఖ స్పష్టం చేసింది మార్చి 29న. అంటే ఆ నాలుగు రోజులూ అవి అవసరమో కాదో ఎవరికీ తెలియదన్నమాట.

అప్పుడే ఒక పిల్లవాడు, అంటే నేను పిల్లవాడనే అనుకున్నాను, నెలనెలా వచ్చి ప్యాడ్లు తీసుకెళ్ళేవాడు. టోపీ, పొడుగు చేతుల చొక్కా. "అక్కకి" అనేవాడు, కళ్ళు నేలకేసి. అక్క లేదని, ఆ ప్యాడ్లు తనకేనని చాలా కాలం తరువాత తనే చెప్పాడు. హాస్టలు ఖాళీ చేయించడంతో అమ్మానాన్నల దగ్గరికి రావాల్సి వచ్చిందట. అక్కడ చున్నీ వేసుకోవాలి, ఆడపిల్ల పేరుకు పలకాలి. హాస్టలు గదిలో తనకంటూ పెట్టుకున్న పేరుతో పిలిచే స్నేహితులు ఫోనులోకి వెళ్ళిపోయారు, ఆ ఫోనూ నలుగురి మధ్యే మాట్లాడాలి. ఇంట్లో ఉంటే క్షేమం అని టీవీలో రోజంతా చెప్పేవారు కదా, ఆ మాట అందరి ఇళ్ళకూ సరిపోలేదు.

పన్ను నొప్పి అంటూ ఉబ్బిన చెంపతో వచ్చిన ఆవిడ కూడా గుర్తుంది. పన్నుకు, కంటి కింద కమిలిన మచ్చకు సంబంధం ఏమిటో నేను అడగలేదు, వెనకాలే ఆయన నిలబడి ఉన్నాడు. 2020 మార్చి 23 నుంచి ఏప్రిల్ 16 వరకు జాతీయ మహిళా కమిషన్‌కు గృహహింస మీద 239 ఫిర్యాదులు వచ్చాయి. అంతకు ముందు ఇంచుమించు అన్ని రోజుల్లోనే 123. తపాలా ఆగిపోయింది కాబట్టి ఈమెయిలు, వాట్సాప్ చేయగలిగినవాళ్ళ లెక్క ఇది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము వాడుకునే ఫోను తమ దగ్గర ఉన్న మహిళలు దేశంలో 54 శాతం. మిగిలినవాళ్ళు ఎక్కడ మొరపెట్టుకున్నారో! మే 6న తెలంగాణలో మద్యం దుకాణాలు తెరిచాక నా దగ్గర గాయాలకు రాసే మందులు ఎక్కువగా పోయాయి. దానికి సర్వే ఏదీ లేదు, నా స్టాకు పుస్తకం తప్ప.

మధ్యాహ్నం ఎండ కాసిన కాసేపట్లో ఆశా కార్యకర్త వచ్చి స్టూలు మీద కూలబడింది. జ్వరాల వివరాలు రాసుకుంటూ తిరుగుతోంది. 2021 మేలో ఇంటింటి జ్వర సర్వేకు వచ్చిందీ ఈమే. అప్పట్లో గేటు తీయకుండా పైనుంచే "మా ఇంట్లో ఎవరికీ లేదు, వెళ్ళు" అని అరిచేవారు. వైరస్ తెచ్చేది ఆమే అన్నట్టు. దేశంలోని దాదాపు 10 లక్షల మంది ఆశాలకు 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పురస్కారం ఇచ్చింది. ఆ సంగతి గుర్తుచేస్తే, "అవునక్కా, ఫొటో వాట్సాప్‌లో వచ్చింది" అంది, మోకాలు రుద్దుకుంటూ. నొప్పికి పూత మందు తీసుకుంది. పెద్ద గొట్టం కాదు, చిన్నది.

నాలుగు గంటలకు మా వీధి చివర ఇంట్లో ఉండే అక్క వచ్చింది. ట్రాన్స్ మహిళ, నలుగురు చేలాలకు, అంటే శిష్యులకు, గురువు. చీటీ తెచ్చి ప్రొగినోవా అనే హార్మోను మాత్రలు తీసుకుంటుంది, బేరం ఆడదు, పసుపు బాగా రాసుకుంటుంది, రేపు వాళ్ళింట్లోనూ అమ్మవారిని పెడతారు. ఈరోజు వచ్చింది చేలాకు జ్వరం తగ్గడం లేదని. ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాను. "తీసుకెళ్తానమ్మా. ఏ వార్డులో వేస్తారు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆడవాళ్ళ వార్డులో వేస్తే పక్క మంచాలవాళ్ళు గొడవ చేస్తారని, మగవాళ్ళ వార్డులో వేస్తే రాత్రి నిద్రపోలేమని ఆమె భయం. ఈ ప్రశ్న కోవిడ్‌లో కూడా అడిగింది. అప్పుడు ఇంకా ఘోరంగా ఉండేది. 2020 మార్చి చివర్లో అమీర్‌పేట మెట్రో దగ్గర పోస్టర్లు వెలిశాయి. హిజ్రాలను దుకాణాల దగ్గరికి రానివ్వకండి, వాళ్ళతో మాట్లాడితే కరోనా వస్తుంది, కొట్టి తరమండి లేదా 100కు ఫోను చేయండి అని! అతికించినవాడెవడో గానీ కాగితానికి, జిగురుకు డబ్బు పెట్టి మరీ చేశాడు. వైజయంతి వసంత మొగ్లి వంటి ఉద్యమకారులు పోలీసులకు ఫిర్యాదు చేశారు. ట్రాన్స్‌జెండర్లకు రేషను, మందులు ఇప్పించమని ఆమె హైకోర్టుకు కూడా వెళ్ళారు. దుకాణాలు మూతబడితే, రైళ్ళు ఆగిపోతే, పెళ్ళిళ్ళు లేకపోతే వాళ్ళకు పూట గడిచే దారి ఏది? ఇంటివాడు అద్దె మానడు కదా.

కేంద్రం తలా 1,500 రూపాయలు ఇస్తామంది. అక్కకు రాలేదు. ఆధార్‌లో పాత పేరు, పాత ఫొటో, బ్యాంకు ఖాతా లేదు. 2011 జనాభా లెక్కల్లో "ఇతరులు" అని రాయించుకున్నవారే 4,87,803 మంది. ఆ సాయం, రేషను కిట్లు కలిపి అందింది దాదాపు 7,000 మందికని, ఖర్చు 98.50 లక్షలని 2021 మేలో కేంద్రమే చెప్పింది. జన్‌ధన్ ఖాతాలున్న మహిళలకు నెలకు 500 చొప్పున మూడు నెలలు పడ్డాయి. అది కూడా ఖాతా ఉంటేనే, ఏటీఎం కార్డు ఆమె చేతిలో ఉంటేనే.

చివరికి అక్కతో నేను అన్నది, ముందు రక్తపరీక్ష చేయించండి, ప్లేట్‌లెట్లు బాగుంటే ఇంట్లోనే చూసుకోవచ్చు, కడుపునొప్పి గానీ వాంతులు గానీ మొదలైతే మాత్రం వార్డు సంగతి ఆలోచించకుండా బయలుదేరండి, నాకు ఫోను చేయండి, నేనూ వస్తాను అని. వస్తావా అన్నట్టు చూసింది. వస్తాను.

టీకాల కాలం కూడా గుర్తొచ్చింది. 2021 ఏప్రిల్‌లో, నెలసరికి ఐదు రోజుల ముందూ వెనకా టీకా వేయించుకోకూడదని ఒక అబద్ధం ఫోన్లలో తిరిగింది. ప్రభుత్వం ఖండించింది. అయినా ఆడవాళ్ళు నన్నే అడిగేవారు. వేయించుకోండి, ఏమీ కాదు అనేదాన్ని. కొందరు తిరిగొచ్చి "ఈసారి తేదీ జరిగింది" అనేవారు. టీకా ప్రయోగాల్లో నెలసరి గురించి ఎవరూ ఆరా తీయలేదు. 2022 జనవరిలో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది, సగటున ఒక రోజు లోపు ఆలస్యమవుతుందని, అదీ తాత్కాలికమేనని. మొదటే అడిగి చెప్పి ఉంటే ఆ అబద్ధానికి అంత బలం వచ్చేది కాదు. గర్భిణులకైతే టీకాకు అనుమతి 2021 జులైలో వచ్చింది, రెండో అల తగ్గుముఖం పట్టాక.

న్యాయంగా ఇదీ రాయాలి: కోవిడ్ మరణాల్లో మగవాళ్ళే ఎక్కువ. ఆ సంగతి కూడా నాకు కౌంటరు దగ్గరే తెలిసింది. ఒకావిడ సగం వాడిన షుగరు మాత్రల స్ట్రిప్ తెచ్చి, "వెనక్కి తీసుకుంటారా, ఇంక అవసరం లేదు" అంది. కత్తిరించిన స్ట్రిప్ తీసుకోకూడదు. తీసుకుని డబ్బిచ్చి, ఆమె వెళ్ళాక చెత్తలో వేశాను. తరువాతి నెలల్లో ఆమె రాలేదు. ఆమెకు థైరాయిడ్. ఆ మాత్రలు మానేసిందో, ఊరే మారిందో.

ఏడు గంటలకు పొద్దుటి మెఫ్తాల్ ఆవిడ భర్త వచ్చాడు. ఎన్‌ఎస్1 పాజిటివ్. నన్ను తిట్టుకున్నందుకు సారీ చెప్పమందట. ఏమేం చూసుకోవాలో ఒక కాగితం మీద రాసిచ్చాను: నీళ్ళు, ఓఆర్‌ఎస్, జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, జ్వరం తగ్గిన రోజునే ఎక్కువ జాగ్రత్త, రక్తస్రావం ఎక్కువైతే వెంటనే ఆసుపత్రి. ఆఖరి మాట దగ్గర ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఇటు చూసి వినండి, రాత్రి చూడాల్సింది మీరే అన్నాను. విన్నాడు. పూజ వచ్చే శుక్రవారం చేసుకోవచ్చు కదండీ అని ఆయనే అడిగాడు. చేసుకోవచ్చు, అమ్మవారేమీ అనరు అన్నాను.

డబ్బులిచ్చి రెండు మెట్లు దిగి, మళ్ళీ వచ్చాడు.

"మేడం, పప్పు కుక్కర్లో ఎన్ని కూతలు రావాలి?"