ఆర్కే బీచ్‌లో పెన్సిల్ కొలతలు

చూసి గీయడం నేర్చుకునేవాళ్ళకి విశాఖ లాంటి ఊరు దొరకడం అదృష్టం. కంటిమట్టం అంటే ఏమిటో ఇక్కడ పుస్తకం తెరిచి చెప్పక్కర్లేదు. ఆర్కే బీచ్‌లో నీళ్ళూ ఆకాశమూ కలిసేచోట ఆ గీత ఎదురుగానే ఉంటుంది. నిలబడినా, కూర్చున్నా, కైలాసగిరి ఎక్కి చూసినా అది మీ కంటి ఎత్తులోనే కనిపిస్తుంది. అందుకే కాగితం మీద మొట్టమొదట పడాల్సిన గీత అదే.

మట్టమైన ఇసుకలో నిలబడి చూడండి. మీ అంత ఎత్తున్నవాళ్ళు దగ్గరున్నా దూరమున్నా ఆ గీత అందరి కళ్ళ మీదుగానే పోతుంది. దూరం పెరిగేకొద్దీ పాదాలు పైకి జరుగుతాయి గానీ తలలు కదలవు. కొత్తవాళ్ళు సరిగ్గా ఇక్కడే పొరబడతారు. దూరపు మనిషి చిన్నగా ఉంటాడని తెలుసు కాబట్టి తల కిందికి దించేస్తారు, ఆ మనిషి గోతిలో నిలబడినట్టు తయారవుతాడు. నీటి అంచున మాత్రం ఇసుక నిజంగానే వాలుగా ఉంటుంది కాబట్టి అక్కడివాళ్ళ తలలు కొంచెం కిందికే వస్తాయి. మీరు ఇసుకలో కూర్చుంటే అదే గీత, నిలబడ్డవాళ్ళ నడుము దగ్గరికో ఇంకాస్త కిందికో దిగుతుంది. బొమ్మ మధ్యలో లేచి నిలబడ్డారా, అప్పటిదాకా గీసినదానికీ ఇకపై గీసేదానికీ పొత్తు కుదరదు.

కొలతకి పెన్సిలే స్కేలు. చెయ్యి పూర్తిగా చాపండి, మోచెయ్యి వంగకూడదు. వంగితే కంటికీ పెన్సిల్‌కీ మధ్య దూరం మారుతుంది, దానితో కొలతా మారుతుంది. ఒక కన్ను మూయండి, లేకపోతే పెన్సిల్ రెండుగా కనిపిస్తుంది. దాని మొన వస్తువు వైపు వాలకూడదు, కిటికీ అద్దానికి ఆనించినట్టు పట్టుకోవాలి. ఇలా డాల్ఫిన్స్ నోస్ కొండని కొలవండి. ఎత్తుని బొటనవేలి గోరుతో గుర్తుపెట్టి, ఆ ముక్క పొడవులో ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టండి. కొలవకుండా గీసినవాళ్ళు దాదాపు అందరూ కొండని ఉన్నదానికంటే ఎత్తుగా, నిటారుగా గీస్తారు. పెన్సిల్ మీది పొడవుని ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టకండి. కావలసింది ఎన్ని రెట్లు అన్న లెక్క మాత్రమే.

తెలిసినది కంటికి ఎలా అడ్డొస్తుందో బీచ్ ఒడ్డునే మ్యూజియంగా నిలిపిన కురుసుర సబ్‌మెరైన్ ముందు బాగా తెలుస్తుంది. అది సుమారు 91 మీటర్ల పొడవు. ముక్కుకి దగ్గరగా, కొంచెం పక్కకి నిలబడి చూస్తే ఆ పొడవంతా నొక్కుకుపోయి, ఎత్తుకి రెండుమూడు రెట్లు కూడా కనిపించకపోవచ్చు. అయినా చెయ్యి సాగదీస్తూనే ఉంటుంది, పొడవైనదని మనసుకి తెలుసు కదా. అలాంటప్పుడు పెన్సిల్ చెప్పిన మాటే వినండి, ఎంత వింతగా అనిపించినా సరే.

పెదజాలరిపేట ఒడ్డున ఇసుక మీదికి లాగిన బోట్లు ఇంకో మంచి పాఠం. బోటుని గీయడం మానేసి, దాని ముక్కు కిందుగా ఇసుకకీ చెక్కకీ మధ్య మిగిలిన ఖాళీని గీయండి. ఆ ఖాళీకి పేరు లేదు కాబట్టి మనసు దాన్ని సరిదిద్దబోదు, వాలు ఉన్నదున్నట్టు వస్తుంది. పై అంచు వంపులో అన్నిటికంటే కిందికి దిగిన చోటు ఎక్కడుందో కొలిచి చూడండి. చాలాసార్లు అది సరిగ్గా నడిమధ్యన ఉండదు.

మన సముద్రం తూర్పున ఉంది. పొద్దున్న ఒడ్డు నుంచి చూస్తే బోట్లు ఎదురు వెలుగులో నల్లటి ఆకారాలుగా నిలుస్తాయి. అంచులు నేర్చుకోవడానికి అదే సమయం. వెలుగునీడలకైతే మధ్యాహ్నం మూడున్నర తరవాత వెళ్ళండి, ఎండ వెనక నుంచి వచ్చి బోటు పక్కల మీద పడుతుంది. కళ్ళు సగం మూసి చూస్తే వివరాలు పోయి తెలుపు, బూడిద, నలుపు మూడే మిగులుతాయి. నీడ సరిహద్దుని మొదటి పది నిమిషాల్లోనే సన్నగా గీసేసి, తరవాత అది జరిగినా మార్చకండి. గంట పోయాక కనిపించే నీడని కూడా కలిపితే బొమ్మలో ఇద్దరు సూర్యులు ఉన్నట్టుంటుంది.

సామాను కొంచెం చాలు: హెచ్‌బీ, 2బీ, 4బీ పెన్సిళ్ళు (బీ ముందు అంకె పెరిగేకొద్దీ మెత్తన, గీత నలుపు), ఏ4 కార్ట్రిడ్జ్ కాగితం (బొమ్మలు గీసే మందపాటి కాగితం), అట్ట, రబ్బరు. గాలికి అట్టకి క్లిప్పులు పైన రెండు, కింద రెండు కావాలి. అసలు ఇబ్బంది తేమ. చెమ్మ పట్టిన కాగితం మెత్తబడి, గట్టిగా నొక్కిన గీత గాడిలా దిగిపోతుంది, చెరిపినా జాడ పోదు. కాగితాలు ప్లాస్టిక్ కవర్లో తీసుకెళ్ళండి, గీసేటప్పుడు ఒక్కొక్కటే బయటికి తీయండి, మొదటి కొలతలన్నీ హెచ్‌బీతో తేలిగ్గా పెట్టండి.