కైలాసగిరి రాతి మీద ఒక ఉదయం

ఈ ఉదయం విశాఖపట్నం కైలాసగిరి మీద, రోడ్డు కోసం కొండను తొలిచిన చోట చాలాసేపు నిలబడిపోయాను. తుప్పు రంగు తేలిన ఆ రాతిలో దానిమ్మ గింజల్లా మెరిసే గార్నెట్ స్ఫటికాలను వేలితో తడుముతుంటే, ఇదంతా ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బంకమట్టి అన్న సంగతి నన్ను కదిలించింది. తూర్పు కనుమల ఖోండు గిరిజనుల పేరుతోనే దీనిని ఖొండలైట్ అంటారు.

సుమారు 100 కోట్ల సంవత్సరాల క్రితం ఖండాలు ఢీకొన్నప్పుడు ఆ మట్టి పొరలు భూపటలంలో పాతిక కిలోమీటర్లకు పైగా లోతుకు కూరుకుపోయి, కొన్నిచోట్ల 900 డిగ్రీల సెల్సియస్‌ను మించిన వేడిలో నీటిని కోల్పోయి, గార్నెట్, సిల్లిమనైట్ అనే ఖనిజాలుగా కొత్త రూపం దాల్చాయి. అందులోని సేంద్రియ పదార్థం గ్రాఫైట్‌గా మారింది. అంటే ఆ నల్లని పొలుసుల్లో ప్రాచీన జీవుల కార్బన్ ఉండవచ్చు. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే.

ఇదే కనుమల్లో కనిపించే మరో రాయి చార్నొకైట్‌కు, కోల్‌కతాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధిపై ఉన్న రాతిని బట్టి ఆ పేరు వచ్చింది.

ఈ కొండలకు కొనసాగింపైన శిలలు తూర్పు అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతంలో ఉన్నాయి. ఒకప్పటి మహాఖండం గోండ్వానా చీలి, మధ్యలో సముద్రం విస్తరించడంతో అవి విడిపోయాయి. కొండ దిగే ముందు, ఆ రెండో సగం ఉన్న దక్షిణ దిక్కుకు తిరిగి సముద్రాన్ని చాలాసేపు చూశాను.